మ్యూజిక్ టీచర్ కూతురు

జర్మనీలో చచ్చిపోయినా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకాల్సిందే. డాక్టర్ రవీంద్రనాథ్ గారు శనివారం పొద్దున పోతే, శ్మశానం ఆఫీసువాళ్ళు తమ పుస్తకం తిరగేసి వచ్చే శుక్రవారం పదకొండు గంటలకు ఖాళీ ఉందన్నారు. ఆయనేమో ఎక్కడో చల్లటి గదిలో ఒంటరిగా, ఇంట్లోవాళ్ళేమో ఆరు రోజులు ఎదురుచూస్తూ. ఇదెక్కడి చోద్యమో వైశాలికి అంతుపట్టలేదు. ఏడుపును కూడా క్యాలెండర్‌లో రాసుకోవాలి కాబోలు అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నానికి డాక్టర్ గారి హాలు నిండిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఆ ఇల్లు యాభై ఏళ్ళుగా సత్రం లాంటిది. ఆ ఇంటి పై వాటాలో ఒక గదిలో వైశాలి ఎనిమిది నెలలుగా అద్దెకుంటోంది. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. వచ్చినవాళ్ళకు కాఫీలు అందించే పని ఎవరూ చెప్పకుండానే ఆమె మీద పడింది. డాక్టర్ గారి భార్య శాంత గారు సోఫా అంచున కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, అందరూ చెప్పేది వింటున్నారు.

తెలుగు సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నిసార్లు ఎన్నికయ్యారో తానే మర్చిపోయిన భాస్కర్ రావు గారు ఒక కాగితం చదవడం మొదలుపెట్టారు. ఇన్సూరెన్స్ ఫైల్లో దొరికిందది. డాక్టర్ గారు జర్మన్‌లో స్వయంగా రాసి సంతకం పెట్టారు. తన బ్యాండు తనను నడిపించాలట. వెళ్ళేటప్పుడు నెమ్మదిగా, తిరిగొచ్చేటప్పుడు హుషారుగా వాయించాలట. వచ్చేటప్పుడు మొహం వేలాడేసుకున్నవాళ్ళకు భోజనం పెట్టవద్దట.

ఆ బ్యాండు సంగతి అందరికీ తెలుసు. డాక్టర్ గారు రిటైరైన దగ్గర్నుంచీ ఏడెనిమిది మంది ముసలి జర్మన్లతో కలిసి క్లారినెట్ వాయించేవారు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ అనే ఊళ్ళో నల్లా తెల్లా కలగలిసిన క్రియోల్ జనం వాయించిన పాత జాజ్, ఆ ఊరి వీధుల్లో నడుస్తూ వాయించే ఇత్తడి బ్యాండు పాటలు. అదేదో పెద్దాయన సరదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు సరదా కాస్తా శవం ముందుకొచ్చి నిలబడేసరికి భాస్కర్ రావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“చావుకి బ్యాండేవిటి శాంతక్కయ్యా? మన ఇళ్ళల్లో ఉందా ఎక్కడన్నా? మంగలి మేళం పెట్టుకుని రవీంద్రనాథ్ గారంతటి మనిషిని సాగనంపుతామా? నలుగురూ వింటే నవ్విపోతారు.”

వైశాలి ఆయన కప్పులోనే కాఫీ వంచుతోంది. కప్పు నిండింది, బొట్టు కూడా ఒలకలేదు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాటకు చెయ్యి వణకదు. చెవులే కాస్త వేడెక్కాయి.

శాంత గారు మెల్లగా, ఆయన రాసి సంతకం పెట్టారు కదా, ఈ దేశంలో దాన్ని కాదనడానికి వీల్లేదన్నారు. అయినా ఆ బ్యాండులో క్లారినెట్ ఆయనే, ఇక వాళ్ళకు మాత్రం ఎక్కడిది అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. భాస్కర్ రావు గారు ఆ కొసనే పట్టుకున్నారు. క్లారినెట్ లేని బ్యాండు ఏం బ్యాండు, హాల్లో ఏదో ఒక ముక్క వాయించి కూర్చోమందాం, మన పద్ధతిలో ఒక కీర్తన పాడిద్దాం అన్నారు. ఎవరు పాడతారన్నప్పుడు ఆయన భార్య రమామణి గారు వైశాలి వైపు చూశారు. “ఈ అమ్మాయి వాళ్ళ నాన్నగారు మ్యూజిక్ టీచరేగా.”

అవును, అలాగని చెప్పింది వైశాలే. వచ్చిన కొత్తలో, ఇదే ఇంటి వంటింట్లో, వంకాయలు తరుగుతూ రమామణి గారు మీ నాన్నగారేం చేస్తారమ్మా అని అడిగితే నోటికొచ్చిన మాట. పచ్చి అబద్ధమని కూడా అనడానికి లేదు, బాపు దగ్గర ఊదడం నేర్చుకున్నవాళ్ళు పదిమందికి పైనే ఉంటారు. కాకపోతే బాపు జనగామ దగ్గర బ్యాండు మేళంలో క్లారినెట్ రాజలింగం. పొద్దున గడ్డాలు గీస్తాడు, ముహూర్తాలుంటే పెండ్లికి ఊదుతాడు, పోయినవాళ్ళుంటే చావుకు ఊదుతాడు. ఇదంతా వంకాయలు తరిగే చోట చెప్పేదేనా?

గొంతు బాగాలేదండీ అని వైశాలి ఫ్లాస్కు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

సోమవారం ఆమె ఇంటి నుంచే పనిచేసింది. సాయంత్రం లాప్‌టాప్ మూసేసరికి శాంత గారు కింద నుంచి పిలిచారు. డాక్టర్ గారి గదిలో క్లారినెట్ పెట్టె ఉంది, పాటల కాగితాల ఫైలు ఉంది, రెండూ ఆ బ్యాండువాళ్ళకు చేర్చాలి, తనకు ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కావడం లేదన్నారు.

వైశాలి కూడా ఆ గదిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు. ఎనిమిది నెలలుగా ఆదివారం ఆదివారం నేల కింద నుంచి క్లారినెట్ వినిపించేది. వినపడగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకునేది. డాక్టర్ గారు మెట్ల దగ్గర కనిపించి, ఒక రికార్డు వినిపిస్తాను రామ్మా, రెండు నిమిషాలే అని ఎన్నిసార్లు పిలిచినా పనుందని తప్పించుకుంది. ఆయన రెండు నిమిషాలు ఇప్పుడు ఎక్కడ తెచ్చేది? గదిలో అడుగు పెట్టగానే ఆ మాట గుచ్చుకుంది.

రికార్డ్ ప్లేయర్ మీద ఒక ప్లేటు అలాగే ఉంది. ఎందుకు పెట్టిందో తెలియదు, పెట్టింది. ముందు గరగర. తర్వాత ట్రంపెట్ తిన్నగా, తొందరపడకుండా పాట చెప్పుకుంటూ పోయింది. దాని కింద ట్రాంబోన్ జారుతూ, లేస్తూ మూలిగింది. ఆ రెంటి పైన క్లారినెట్. అది పాట చెప్పడం లేదు, పందిరి దొరికిన దొండతీగలాగా పాట చుట్టూ పాకుతోంది. ఎక్కడ ట్రంపెట్ ఊపిరి తీసుకుంటుందో అక్కడ దూరుతోంది. వైశాలికి ఒంటి మీద రోమాలు లేచాయి. ఎవరూ రాసివ్వని దారి అది. బరాత్‌లో బాపు ఇట్లాగే దూరేవాడు. రాగం వేరు, తాళం వేరు, దేశం వేరు, ఆ దూరడం మాత్రం అదే.

అట్ట వెనక జర్మన్‌లో చిన్న అక్షరాలున్నాయి. ఫోన్ పెట్టి అనువాదం చేయించింది. న్యూ ఆర్లియన్స్ క్రియోల్ కుటుంబాల్లో తండ్రులూ మేనమామలూ పిల్లలకు క్లారినెట్ నేర్పేవారట. సంగీతం ఒక్కదానితో పొట్ట గడవక పగలు చుట్టలు చుట్టేవారట, గోడలకు సున్నపు పూత పూసేవారట, కొందరు జుట్టు కత్తిరించేవారట. ఆ చివరి మాట దగ్గర ఆమె ఫోన్ పక్కన పెట్టి అట్టనే కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఫ్రిజూర్. ఆ మాటకు అనువాదం అక్కర్లేదు, వీధి చివర కటింగ్ షాపు మీద రోజూ చూసే బోర్డే. ఇదేందిర దేవుడా అనుకుని నవ్వింది. నవ్వుతుంటేనే ఎందుకో ఏడుపొచ్చింది.

పెట్టె తెరిచింది. ఇక్కడి షాపుల్లో మెరిసే కొత్త క్లారినెట్లకు ఒళ్ళంతా మీటలే. ఇది పాత తరహాది, మీటలు తక్కువ. బాపుది కూడా ఇదే రకం. వేళ్ళు వాటంతటవే రంధ్రాల మీద కూర్చున్నాయి. పెట్టెలోంచి ఒక రీడు, ఊదే చోట బిగించే పలచటి రెల్లు ముక్క, తీసి నోట్లో పెట్టుకుని తడిపింది, కిటికీ వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూసింది, ఒక అంచు మందంగా ఉంటే బొటనవేలి గోటితో మెల్లగా గీకింది.

“మా తెనాలిలో పెళ్ళిళ్ళకు సన్నాయి వాయించే అప్పయ్య ఇలాగే ఎత్తి చూసేవాడు.”

శాంత గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. వైశాలి రీడు గబుక్కున పెట్టెలో పడేసి మూత వేసింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టయింది. రేపు సాయంత్రం వాళ్ళ రిహార్సల్, నువ్వే తీసుకెళ్ళి ఇవ్వమ్మా అని చెప్పి శాంత గారు వెళ్ళిపోయారు.

*

బ్యాండువాళ్ళు చర్చి పక్కన ఒక హాల్లో సాధన చేస్తారు. వైశాలి వెళ్ళేసరికి ఏడుగురూ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ట్రంపెట్ వాయించే ఉర్సులా వాళ్ళ నాయకురాలు, రిటైరైన జాగ్రఫీ టీచరు. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా మోసే డీటర్ ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపాడు. పెట్టె చూడగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు.

వెళ్ళమనలేదు కాబట్టి ఆమె గోడవారన కూర్చుని విన్నది. నెమ్మది పాట, శవపేటిక వెంట నడిచేది. ట్రంపెట్ సరిగానే ఉంది, ట్రాంబోన్ సరిగానే ఉంది. కానీ ప్రతి రెండో వరసకూ ఒక గొయ్యి. క్లారినెట్ ఉండాల్సిన చోట గాలి. ఉర్సులా పాట ఆపి, తెలిసినవాళ్ళిద్దరిని అడిగామనీ, ఒకాయన ఆసుపత్రిలో ఉన్నాడనీ, ఇంకొకామెకు ఈ పాత మీటలు రావనీ, కాగితం మీద లేనిది వాయించదనీ చెప్పింది. డ్రమ్ము వాయించే ఆయన మళ్ళీ మొదలుపెట్టగానే వైశాలికి ఇక పట్టలేదు. లేచి వెళ్ళి, ఆయన మెడలోని మఫ్లర్ చూపించి అడిగి తీసుకుని, డ్రమ్ము చర్మం మీద ఒక పక్కగా పరిచింది. చప్పుడు మెత్తబడింది. చావుకు డ్రమ్ము మోగకూడదు, మూలగాలి. అది బాపు మాట. ఉర్సులా కళ్ళు చిట్లించి, డాక్టర్ గారు నేర్పారా అని అడిగింది. కాదని తల ఊపి వైశాలి పెట్టె తెరిచింది.

మూడోసారి పాట తిరిగేసరికి గొయ్యి పూడిపోయింది. డీటర్ ట్యూబా వెనక నుంచి రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాడు.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే వైశాలి వచ్చీరాని జర్మన్‌లో చెప్పేసింది. మా నాన్న ఊదుతాడు, పెండ్లిళ్ళకూ చావులకూ. ఆ దేశంలో కాలు పెట్టాక ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం. వాళ్ళు సంబరపడిపోయారు. అంటే న్యూ ఆర్లియన్స్ లాగానే, ఎంత అద్భుతం, ఎంత అదృష్టం అన్నారు. ఆ సంబరం చూస్తుంటే వైశాలికి కొంచెం ఒళ్ళు కూడా మండింది. ఏం అదృష్టం? బాపు బస్సెక్కితే క్లారినెట్‌ను గోనెసంచిలో దాచి పట్టుకుంటాడు. ఆ ముక్క జర్మన్‌లో ఎట్లా చెప్పాలి?

శుక్రవారం రాగలవా అని ఉర్సులా అడిగింది. గురువారం చెప్తానంది. ట్రామ్‌లో కూర్చున్నాక భయం వేసింది. శుక్రవారం నలభై తెలుగు కుటుంబాలు వస్తాయి. కీర్తనకు గొంతు లేదన్న మ్యూజిక్ టీచర్ కూతురు శవం ముందు క్లారినెట్ ఊదితే తెలుసుకోలేని అమాయకులెవరూ లేరు వాళ్ళలో. ఈ ఊళ్ళో తనతో తెలుగులో మాట్లాడేది వాళ్ళే. జ్వరమొస్తే చారు పంపేది వాళ్ళే, పండగకు పిలిచేది వాళ్ళే. అదంతా ఒక్క పాటతో పోతుంది. పోనీ ఊదకపోతే? ఆ ఖాళీ కుర్చీతోనే డాక్టర్ గారు వెళ్ళిపోతారు.

*

బుధవారం మధ్యాహ్నం భోజనం వేళకు ఆఫీసు కింద, నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని బాపుకు ఫోన్ చేసింది. షాపులో గిరాకీ లేనట్టుంది, వెంటనే ఎత్తాడు. సంగతంతా చెప్పింది. అవతల షాపులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“చావుకు ఊదుతవా బిడ్డా?”

“ఈడ మర్యాదనే బాపు. టోపీలు పెట్టుకొని ముంగట నడుస్తరు. అందరు నిలబడి చూస్తరు.”

“మర్యాద ఆళ్ళకు. తెల్లోడు ఊదితె కళంటరు, మనం ఊదితె కులమంటరు. నీకు నేను నేర్పలే. నేర్పొద్దనే నేర్పలే. నువ్వే సూసి సూసి నేర్సుకున్నవ్.”

ఈ పాట పుట్టించింది తెల్లవాళ్ళు కాదని ఆమె చెప్పింది. నల్లవాళ్ళు, కలగలిసిన క్రియోల్ వాళ్ళు, అందులో మన పనే చేసేటోళ్ళు గూడ ఉన్నరు బాపు, పగలు కటింగులు చేసి పొద్దుమీకి క్లారినెట్ ఊదెటోళ్ళు అంది. అది చెబితే బాపు సంతోషిస్తాడనుకుంది. రెండు రోజులుగా ఆ మాటను దాచుకుని తెచ్చింది.

బాపు అడిగాడు. “మరి ఆళ్ళ బిడ్డలు ఏం జేస్తున్నరు ఇప్పుడు?”

తెలియదంది. నిజంగానే తెలియదు, అట్ట మీద అది రాయలేదు.

“నా బిడ్డ జర్మనీల కంప్యూటర్ల పని జేస్తదని షాపుకొచ్చినోనికల్లా జెప్తున్న. ఇగ నీ ఇష్టం. పెద్దదానివైనవ్,” అని బాపు ఫోన్ పెట్టేశాడు. ఆమె తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయకుండానే ఆఫీసుకు తిరిగి వెళ్ళింది. భాస్కర్ రావు గారు అన్న మాట కంటే ఇది ఎక్కువ నొప్పి పెట్టింది. ఆయన వద్దంటే కోపమన్నా వస్తుంది, బాపు వద్దంటే ఎవరి మీద కోప్పడాలి?

*

గురువారం సాయంత్రం శాంత గారు మెట్లెక్కి వచ్చారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ పైకి రావడం అదే మొదటిసారి. మంచం మీద కూర్చుని ఆయాసం తీరేదాకా గది నలుమూలలా చూశారు. ఉర్సులా ఫోన్ చేసి అంతా చెప్పిందట.

“వాయించమ్మా. ఆయనకు ఆఖరి కోరిక అదొక్కటే. నేను అందరికీ చెప్తాలే, మీ నాన్నగారు వెస్టర్న్ మ్యూజిక్ కూడా నేర్పుతారని. నీకు మాట రానివ్వను.”

వైశాలికి కళ్ళు తిరిగినంత తేలికైంది. ఇంత సులువా అనుకుంది. ఎవరికీ తెలియదు, డాక్టర్ గారి కోరికా తీరుతుంది. శాంత గారు ఆమె చేతి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, ప్రేమగానే అన్నారు. “నాకు మొన్న రీడు గీకినప్పుడే తెలిసింది. తెలిసి కూడా నీ చేతి కాఫీ తాగుతూనే ఉన్నానుగా. నాకలాంటి పట్టింపులు లేవు.”

అలాగేనండీ అంది వైశాలి. ఆవిడను జాగ్రత్తగా పట్టుకుని మెట్లు దింపింది. పైకొచ్చి తలుపు వేసుకున్నాక తేలికంతా ఎక్కడికి పోయిందో పోయింది. ఆవిడ మంచిదే. మంచిది కాబట్టే ఆ మాట ఎటూ పోకుండా గొంతులో ఎముకలా అడ్డం పడింది.

*

శుక్రవారం ఎండ బాగానే కాసింది. శ్మశానం ఆఫీసువాళ్ళు ఉత్తరం రాశారు, లోపల నెమ్మది పాట మాత్రమే, హుషారు పాట గేటు దాటాకేనని. బ్యాండువాళ్ళు నల్ల కోట్లు, తెల్ల చేతితొడుగులు, టోపీలతో వరసగా నిలబడ్డారు. డీటర్ తన దగ్గరున్న ఇంకో టోపీ వైశాలి తల మీద పెట్టాడు, అది చెవుల దాకా దిగింది. తెలుగువాళ్ళు శ్మశానం హాలు మెట్ల దగ్గర గుంపుగా ఉన్నారు. ఆమెను ముందు ఎవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక గుంపులో చిన్న కదలిక వచ్చింది. శాంత గారు రమామణి గారి చెవిలో ఏదో చెప్పారు, రమామణి గారు తలాడించారు. కదలిక సద్దుమణిగింది.

చక్రాల బండి మీద శవపేటిక కదిలింది. డ్రమ్ము మఫ్లర్ కింద మూలిగింది. అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు. క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాక వైశాలికి జనం కనపడలేదు. ట్రంపెట్ చెప్పేది చెబుతోంది, ఆమె దాని చుట్టూ పాకుతోంది. రెండు పక్కలా చెట్లు, నున్నటి దారి. దహనం జరిగే భవనం ఆ దారి చివర. సగం దూరం నడిచాక దారి ఎడమకు తిరిగే చోట ఆమె కాళ్ళు ఆగిపోయాయి. క్లారినెట్ కూడా ఆగింది.

అనుకుని ఆపింది కాదు. ఎక్కడో చదువుకుని ఆపింది అసలే కాదు. ఊరికీ కాటికీ నడుమ పాడెను ఒకసారి నేలకు దింపుతారు. దింపుడు కల్లం. బ్యాండు అక్కడ ఆగాలి, గాలి కూడా వినపడాలి. అయినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు, ఏమో, ప్రాణం మిగిలుంటే పలుకుతుందేమోనని. చిన్నప్పుడు బాపు వెంట ఎన్ని చావులకు వెళ్ళిందో అన్నిసార్లూ కాళ్ళు అక్కడ ఆగాయి. ఇప్పుడూ ఆగాయి.

ఆమె ఆగితే ఉర్సులా ఆగింది. బ్యాండంతా ఆగింది. బండి తోసే నల్ల కోటు మనిషి, ఇది కూడా కార్యక్రమంలో ఉంది కాబోలనుకుని బ్రేకు వేశాడు. ఎంత పని చేశాను, మళ్ళీ ఎలా ఎత్తుకోవాలి అని వైశాలి అనుకుంటుండగా వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. శాంత గారు గుంపులోంచి ఒక్కరే నడిచి వస్తున్నారు. బండి పక్కన ఆగి, తల ఉండే వైపు వంగి, పెట్టె మీద చెయ్యి పెట్టారు.

“ఏవండీ.”

కాసేపు ఆగారు.

“ఏవండీ.” ఇంకాసేపు ఆగారు. “ఏవండీ.”

యాభై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడూ పిలవలేదు. తెలుగువాళ్ళందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఆరు రోజులుగా ఎవరి ఇంట్లో వాళ్ళు బిగబట్టుకున్నది అక్కడ కట్ట తెగింది. భాస్కర్ రావు గారు రెండు చేతులతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. జర్మన్లు టోపీలు తీశారు. ఆవిడ వెనక్కి తగ్గగానే వైశాలి కళ్ళు తుడుచుకోకుండానే ఊపిరి తీసుకుని పాట ఎత్తుకుంది.

పెట్టె లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాక బాపు బ్యాండు అయితే వాయిద్యాలు సంచుల్లో చుట్టుకుని ఇంటి దారి పట్టేది. తిరుగు దారికి వాళ్ళ దగ్గర పాట లేదు. ఇక్కడ ఉంది. గేటు దాటగానే డ్రమ్ము ఆయన మఫ్లర్ లాగి పారేశాడు. డీటర్ ట్యూబా కుప్పిగంతులు వేసింది. వైశాలికి ఆ పాట సగమే వచ్చు, రాని సగం దూరిపోయింది. మొదట తప్పు చేస్తున్నట్టుంది. రెండో వీధి మలుపు తిరిగేసరికి, పోయిన మనిషిని పంపించి వచ్చినవాళ్ళకు కూడా ఎవరో ఒకరు తోడు నడవాలి కదా అనిపించింది. బేకరీలోంచి జనం బయటికొచ్చి చూశారు. తన బుగ్గలు నొప్పి పెడుతున్నాయంటే నవ్వుతూ ఊదుతోందని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

*

భోజనాలు ఆ చర్చి పక్క హాల్లోనే. తెలుగువాళ్ళు ఇళ్ళ నుంచి అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు తెచ్చారు, జర్మన్లు కేకులు తెచ్చారు. పొడవాటి బల్లకు అటూ ఇటూ అందరూ కూర్చున్నారు. రమామణి గారు వైశాలిని తన పక్కనే కూర్చోబెట్టుకుని, అలసిపోయావు తల్లీ అని తానే వడ్డించారు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్న భాస్కర్ రావు గారు వెనక నుంచి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

“ఏవిటో అనుకున్నానమ్మా. మా నాన్న పోయినప్పుడు టిక్కెట్ దొరక్క వెళ్ళలేకపోయాను, పిలవలేకపోయాను. ఇవాళ పిలిచినట్టే అయింది. ఆ చోట ఆగాలని నీకెవరు చెప్పారమ్మా?”

ఎదుట కూర్చున్న శాంత గారు వెంటనే అందుకున్నారు. వాళ్ళ నాన్నగారు అన్ని రకాల సంగీతం నేర్పుతారు భాస్కర్రావ్, వెస్టర్న్ కూడా, పిల్ల ఎక్కడో విని ఉంటుంది అన్నారు. మాట పూర్తిచేసి వైశాలి వైపు చూసి ధైర్యం చెబుతున్నట్టు కళ్ళు మూసి తెరిచారు. అంతే, దాటిపోయింది. ఊరుకుంటే చాలు.

బాపు గోనెసంచి కళ్ళ ముందు కనపడింది. ఆ చోట ఎలా ఆగాలో ఏ టీచరూ చెప్పడు. ఆ ఆగడం బాపుది. దాన్ని కూడా సంచిలో పెట్టి దాచమంటున్నారు.

“ఎవరూ చెప్పలేదండీ,” అంది వైశాలి. “మా బాపు అక్కడ ఆగుతడు. మా బాపు మ్యూజిక్ టీచర్ కాదు. బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదుతడు, పెండ్లిళ్ళకు, చావులకు. మేము మంగలోళ్ళం.”

ఇన్ని నెలలూ ఈ మనుషుల ముందు పుస్తకాల తెలుగు మాట్లాడిన పిల్ల, చివరికొచ్చేసరికి ఇంటి భాషలోకి జారిపోయింది. బల్ల ఆ చివర కేకుల గురించి మాటలు నడుస్తూనే ఉన్నాయి. ఈ చివర స్పూన్ల చప్పుడు ఆగింది. తల మీద చెయ్యి ఇంకా ఉంది. కొద్దిసేపు దానికి ఏం చేయాలో తెలియలేదు. తర్వాత మెల్లగా, ఆమెకు నొప్పి కలగకూడదన్నంత మెల్లగా, లేచిపోయింది.

“మంచిదమ్మా,” అన్నారు భాస్కర్ రావు గారు. “మంచిది. అందులో ఏముంది.” అని, నీళ్ళ సీసా కోసం అటు వెళ్ళారు.

“ఇప్పుడా అమ్మా ఆ మాట?” అన్నారు శాంత గారు. కోపంగా కాదు, అలసటగా. రమామణి గారు పెరుగు సరిపోయిందో లేదో చూసొస్తానని లేచారు. లేచేటప్పుడు తన కంచం కూడా తీసుకెళ్ళారు. వైశాలి పక్క కుర్చీ ఖాళీ అయింది. ఆమె పప్పన్నం వైపు చూస్తూ కూర్చుంది. చేసిన పనికి పశ్చాత్తాపం లేదు, అలాగని గెలిచినట్టూ లేదు. ఇల్లు వెతుక్కోవాలేమో అని మాత్రం అనుకుంది. డీటర్ కేకు ముక్కా, వంకాయ కూరా ఒకే కంచంలో వేసుకుని తిరుగుతున్నవాడు ఆ ఖాళీ కుర్చీ చూసి వచ్చి కూర్చున్నాడు. కూర కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ బాగుంది బాగుంది అన్నాడు.

ఫోన్ మోగింది. బాపు. అక్కడ పొద్దుగూకే వేళ. బాపు తనంతట తాను ఎప్పుడూ చేయడు, చేసినా మిస్డ్ కాలే. ఆమె కూర్చున్న చోటే ఎత్తింది.

“అయిపోయిందా?”

“అయిపోయింది బాపు.”

“నడుమ ఆగినవా?”

“ఆగిన.”

బాపు గొంతు సవరించుకున్నాడు. ఇంకేదో అడగడానికి తటపటాయిస్తున్నాడని ఆమెకు తెలుస్తోంది. ఎట్లా ఊదినవ్ అంటాడేమో, జనం ఏమన్నరు అంటాడేమో అనుకుంది.

“అన్నం పెట్టిండ్రా బిడ్డా?”

“పెట్టిండ్రు.”

“ఏడ?”

వైశాలికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎంతమంది పెండ్లిళ్ళకు, ఎంతమంది చావులకు ఊదాడో బాపు, ఆఖరి పంక్తి లేచాక, పందిరి వెనక, ఆకు ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు. తిన్నానని ఇంటికొచ్చి చెప్పేవాడు, ఎక్కడ తిన్నాడో ఏనాడూ చెప్పలేదు. శాంత గారు తల వంచుకుని అన్నం కెలుకుతున్నారు. రమామణి గారు ఆ చివర కూర్చుని తినడం కనిపిస్తోంది. డీటర్ వైశాలి గ్లాసులో నీళ్ళు పోస్తున్నాడు.

“బల్ల మీద బాపు,” అంది. “అందరితోటి.”

అవతల ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. ఫోన్ పెట్టేశాడేమో అనుకుంది.

“మరి తిను,” అన్నాడు బాపు. “సల్లారిపోతది.”